యాంటీ ఆక్సిడెంట్ మాత్రలతో ఆయాసం తగ్గుతుందా?

గుండె వైఫల్యంతో (హార్ట్ ఫెయిల్యూర్, అంటే గుండె రక్తాన్ని చాలినంతగా పంప్ చేయలేని స్థితితో) బాధపడుతున్నవారి నుంచీ, వారిని కనిపెట్టుకుని ఉన్న కుటుంబసభ్యుల నుంచీ యాంటీ ఆక్సిడెంట్ మాత్రల గురించి వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాను. అసలు విషయమంతా మొదటి ప్రశ్నలోనే ఉంది కనుక దాని జవాబు పెద్దదయింది.

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. రెండేళ్ల క్రితం గుండెపోటు వచ్చింది. ఎకో పరీక్షలో గుండె పంపింగ్ 30 శాతమే ఉందనీ, ఇది హార్ట్ ఫెయిల్యూర్ అనీ చెప్పి మందులు రాశారు. అవి తప్పకుండా వేసుకుంటున్నారు. అయినా నాలుగు మెట్లెక్కితే ఆయాసం, స్నానం చేసి వస్తేనే నీరసం. విటమిన్ ఇ, విటమిన్ సి, సెలీనియం కలిసిన యాంటీ ఆక్సిడెంట్ మాత్రలూ, కో ఎంజైమ్ క్యూ10 మాత్రలూ ఇస్తే సత్తువ వస్తుందని తెలిసినవారు చెబుతున్నారు. ఆయుష్షు మన చేతుల్లో లేదు, ఉన్నన్నాళ్లూ ఆయన తన పనులు తాను చేసుకుంటూ తిరిగితే చాలునని మా ఆశ. ఇవ్వవచ్చా?

జవాబు: "తన పనులు తాను చేసుకుంటూ తిరిగితే చాలు" అన్న మీ మాటతోనే మొదలుపెడతాను. గుండె వైఫల్యం ఉన్నవారిలో చాలామంది కోరుకునేది ఇదే. అయినా వైద్య పరిశోధన మరణాలనూ, ఆసుపత్రిలో చేరికలనూ లెక్కపెట్టినంత శ్రద్ధగా, మనిషికి రాత్రి నిద్ర పడుతోందా, మంచం దిగి వాకిలి దాకా నడవగలుగుతున్నాడా, పదిమందిలో కూర్చుని మాట్లాడే ఓపిక ఉందా అన్నవాటిని చాలాకాలం లెక్కపెట్టలేదు. కాబట్టి మీరు అడిగిన ఒక్కొక్క మాత్రనూ ఈ గీటురాయి మీదనే చూద్దాం. రక్తంలో ఏ రసాయనం పెరిగింది, ఏది తగ్గింది అన్నది పక్కన పెట్టి, దానివల్ల మనిషికి ఏం ఒరిగిందో చూద్దాం.

ఈ మాత్రల వెనుక ఉన్న ఆలోచనను తోసిపారేయవలసిన పని లేదు. గుండె కండర కణంలో దాదాపు మూడోవంతు చోటు మైటోకాండ్రియాలదే. రోజుకు సుమారు లక్ష సార్లు కొట్టుకునే ఆ కండరానికి కావలసిన శక్తి అక్కడే తయారవుతుంది. ఆ తయారీలో ప్రాణవాయువులో కొద్ది భాగం సూపరాక్సైడ్ వంటి చురుకైన అణువులుగా మారి బయటపడుతుంది. ఆరోగ్యంగా ఉన్న కణం తన సొంత ఎంజైములతో వాటిని ఎప్పటికప్పుడు అణచివేస్తుంది. గుండె బలహీనపడినప్పుడు మాత్రం ఆ అణువుల ఉత్పత్తి పెరుగుతుంది, వాటిని అణచే శక్తి చాలదు. దీనినే ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. రక్తనాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌ను సూపరాక్సైడ్ హరించడం వల్ల నాళాలు బిగుసుకుని గుండె మీద భారం పెరుగుతుంది. గుండె కండరం ముడుచుకుని మళ్లీ విప్పారడానికి అవసరమైన కాల్షియం రాకపోకలు కూడా దెబ్బతింటాయి. ఇది గుండెతో ఆగేది కాదు. కాళ్ల కండరాలలోని మైటోకాండ్రియాలు కూడా నీరసిస్తాయి కనుకనే, పంపింగ్ శాతం ఒకేలా ఉన్న ఇద్దరిలో ఒకరు వీధి చివరి దాకా నడుస్తారు, మరొకరు గదిలోనే కూలబడతారు. ఇంత స్పష్టమైన కారణం కనిపిస్తున్నప్పుడు, ఆ చురుకైన అణువులను అణచే మాత్రను, అంటే యాంటీ ఆక్సిడెంట్‌ను, మింగిస్తే సరిపోదా అని వైద్యులకు కూడా అనిపించింది. అందుకే పరీక్షించి చూశారు.

ముందుగా విటమిన్ ఇ. తీవ్రమైన గుండె వైఫల్యం ఉన్న 56 మందికి 12 వారాల పాటు, కొందరికి రోజుకు 500 యూనిట్ల విటమిన్ ఇ, మిగిలినవారికి అదే రూపంలో ఉన్న, మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చేసిన అధ్యయనం ఒకటి 2001లో వెలువడింది. మాత్ర వేసుకున్నవారి రక్తంలో విటమిన్ ఇ చక్కగా పెరిగింది. కానీ ఆక్సీకరణ ఒత్తిడిని సూచించే ఇతర కొలతలు మారలేదు, వారి జీవన నాణ్యతా మారలేదు. రక్తంలోకి చేరిన విటమిన్, అవసరమైన చోట అవసరమైన పని చేయలేదన్నమాట.

ఫలితం లేకపోవడంతో విషయం ముగిసి ఉంటే, పోనీలే అనుకుని ఊరుకోవచ్చు. ఆ తరువాత వచ్చిన ఫలితాలు అంతకంటే ఆందోళనకరమైనవి. రక్తనాళాల జబ్బు గానీ మధుమేహం గానీ ఉన్న 55 ఏళ్లు పైబడినవారికి రోజుకు 400 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చి, సుమారు 7 సంవత్సరాలు గమనించిన హోప్ అధ్యయనపు కొనసాగింపు 2005లో వెలువడింది. అందులో విటమిన్ వేసుకున్నవారికి కొత్తగా గుండె వైఫల్యం వచ్చే ముప్పు 13 శాతం, ఆ కారణంతో ఆసుపత్రిలో చేరే ముప్పు 21 శాతం ఎక్కువగా కనిపించాయి. ఇటలీలో గుండెపోటు వచ్చినవారిపై జరిగిన జిస్సీ అధ్యయనపు వివరాలను తరువాత విశ్లేషించినప్పుడు, పంపింగ్ 50 శాతం కంటే తక్కువ ఉన్నవారిలో విటమిన్ ఇ వాడకంతో గుండె వైఫల్యం ముప్పు దాదాపు 50 శాతం పెరిగినట్టు తేలింది. మీ నాన్నగారికి గుండెపోటు వచ్చింది, పంపింగ్ 30 శాతం ఉంది. ఆయన స్థితికి ఇంత దగ్గరగా ఉన్నవారిలో ఇటువంటి ఫలితం కనిపించాక, పెద్ద మోతాదు విటమిన్ ఇ మాత్రను ఇవ్వమని నేను చెప్పలేను. వద్దనే చెబుతున్నాను.

విటమిన్ సి గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. దానిని ఇచ్చినప్పుడు రక్తనాళాలు మెరుగ్గా వ్యాకోచించినట్టు చిన్న అధ్యయనాలలో కనిపించింది. అయితే నాళం వ్యాకోచించడం వేరు, మనిషి ఆయాసపడకుండా మెట్లెక్కడం వేరు.

ఇక్కడ మరొక పరిశోధన సంగతి చెప్పాలి. అది మీరు అడిగిన మాత్రలకు చెందినది కాదు, కానీ మీ ప్రశ్నకు బాగా దగ్గరిది. శరీరంలో చురుకైన అణువులను పుట్టించే ఎంజైములలో జాంథీన్ ఆక్సిడేజ్ ఒకటి. యూరిక్ యాసిడ్ తయారయ్యేది కూడా దాని వల్లనే. యూరిక్ యాసిడ్ పేరుకుని వచ్చే కీళ్లవాతానికి (గౌట్‌కు) వాడే అల్లోప్యూరినాల్ ఆ ఎంజైమునే అడ్డుకుంటుంది. అంటే పుట్టిన అణువులను ఏరివేయడం కాకుండా, పుట్టుకనే ఆపే పద్ధతి ఇది. గుండె పంపింగ్ తగ్గి, యూరిక్ యాసిడ్ బాగా పెరిగి ఉన్న 253 మందికి 24 వారాలు ఈ మందును గానీ ఉత్తుత్తి మాత్రను గానీ ఇచ్చి చూశారు. ఎగ్జాక్ట్ హెచ్ఎఫ్ అనే ఆ అధ్యయనం 2015లో వెలువడింది. యూరిక్ యాసిడ్ అనుకున్నట్టే తగ్గింది. వ్యాధి స్థితిలో గానీ, నడవగలిగే దూరంలో గానీ, జీవన నాణ్యత ప్రశ్నావళిలో గానీ తేడా రాలేదు. రక్త పరీక్ష కాగితం మీద కనిపించే మెరుగుదల, మంచం మీద ఉన్న మనిషిలో కనిపించకపోవచ్చునని ఇంత స్పష్టంగా చూపించిన అధ్యయనాలు తక్కువ.

ఎందుకిలా జరుగుతుంది? ఈ చురుకైన అణువులు విషాలు మాత్రమే కావు. కణం తనలో తాను సంకేతాలు పంపుకోవడానికి కూడా, కొద్ది మోతాదులో, వాటినే వాడుకుంటుంది. అన్నింటినీ గంపగుత్తగా అణచివేస్తే ఆ సంకేతాలూ చెదురుతాయి. పైగా మింగిన మాత్ర ఒళ్లంతా పరుచుకుంటుంది; మైటోకాండ్రియా లోపల, నష్టం జరుగుతున్న క్షణాన, జరుగుతున్న చోట సరిపడా ఉండదు. అన్నింటికీ మించి, గుండె మీద ఉన్న అసలు భారం, అంటే దెబ్బతిన్న కండరం, నిలిచిపోయిన నీరు, అదుపుతప్పిన హార్మోన్లు అలాగే ఉండగా, వాటివల్ల పుట్టిన ఒక పర్యవసానాన్ని మాత్రమే తుడవాలని ప్రయత్నించడం అవుతుంది.

పలు విటమిన్లు, ఖనిజాలు కలిసిన మాత్రల కథ వేరుగా చెప్పాలి, ఎందుకంటే అది మొదట ఆశ కల్పించింది. 2005లో వెలువడిన ఒక అధ్యయనంలో, పంపింగ్ తగ్గిన 30 మంది వృద్ధులకు సెలీనియం, జింక్, విటమిన్లు, కో ఎంజైమ్ క్యూ10 సహా పలు పోషకాలు కలిసిన మాత్రలను 9 నెలలు ఇచ్చి చూస్తే, వేసుకున్నవారిలో పంపింగ్ పెరిగింది, జీవన నాణ్యత మార్కులూ మెరుగయ్యాయి. ఆ ఫలితాన్ని చూసి సంతోషించినవారిలో నేనూ ఉన్నాను. తరువాత 74 మందితో ఏడాది పాటు జరిగిన మరొక అధ్యయనం 2014లో వెలువడింది. అందులో పంపింగ్ పెరగలేదు, 6 నిమిషాల నడక దూరం పెరగలేదు, జీవన నాణ్యత మారలేదు. రెండూ చిన్నవే, రెండింటిలోనూ ఇచ్చిన మాత్రలు ఒక్కటి కావు. అయినా మొదటిది మరింత ఎక్కువమందిలో, మరింత ఎక్కువ కాలం చూసినప్పుడు నిలబడనంత వరకూ, దానిని నమ్మి ఒకరికి మాత్రలు కొనిపెట్టమనడం న్యాయం కాదని నా అభిప్రాయం.

ఇక కో ఎంజైమ్ క్యూ10. పైవాటన్నిటితో కలిపి దీనిని ఒకే గాటన కట్టకూడదు. 1957లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఫ్రెడెరిక్ క్రేన్ దీనిని ఎద్దు గుండె కణాల మైటోకాండ్రియాలలో కనుగొన్నారు. ఇది బయటి నుంచి వచ్చి చేరే విటమిన్ కాదు, శరీరం స్వయంగా తయారుచేసుకునే పదార్థం. శక్తి తయారీలో ఎలక్ట్రాన్లను ఒక మెట్టు నుంచి మరొక మెట్టుకు మోసుకుపోయేది ఇదే. గుండె వైఫల్యం ముదిరేకొద్దీ కండరంలో దీని పరిమాణం తగ్గుతుంది. 2014లో వెలువడిన క్యూ సింబియో అధ్యయనంలో, మామూలు మందులకు తోడుగా 100 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు దీనిని ఇస్తూ 420 మందిని రెండేళ్లు గమనించారు. మొదటి 16 వారాలలో లక్షణాల స్థాయి, నడక దూరం, గుండె ఒత్తిడిని సూచించే రక్త పరీక్ష, వీటిలో దేనిలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండేళ్లయ్యేసరికి మాత్రం గుండె సంబంధమైన తీవ్ర సంఘటనలు ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 26 శాతం ఉండగా, క్యూ10 వేసుకున్నవారిలో 15 శాతమే ఉన్నాయి. మరణాలు 18 శాతం నుంచి 10 శాతానికి తగ్గాయి, లక్షణాల స్థాయి మెరుగైనవారు కూడా ఎక్కువే.

ఇంత మంచి ఫలితం వచ్చాక కూడా దీనిని అందరికీ ఎందుకు రాయడం లేదని మీరు అడగవచ్చు. 420 మంది అన్నది ఈ జబ్బుకు చిన్న సంఖ్య. అనుకున్నంతమంది దొరక్క అధ్యయనాన్ని ముందే ముగించారు. మాత్ర తయారీ సంస్థల ఆర్థిక సహాయమూ ఉంది. వైద్య అధ్యయనాలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2021లో 11 అధ్యయనాలను కలిపి పరిశీలించి, క్యూ10 మరణాలనూ ఆసుపత్రి చేరికలనూ బహుశా తగ్గిస్తుందనీ, ఆ సాక్ష్యం మధ్యస్థమైనదనీ చెప్పింది. పంపింగ్ మీద, శ్రమ చేయగల శక్తి మీద దాని ప్రభావం మాత్రం చాలా అనిశ్చితంగా ఉందని అదే పరిశీలన తేల్చింది. మీరు కోరుకునేది ఈ రెండోదే. గుండె వైఫల్యంపై అమెరికా హృద్రోగ సంఘాలు 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా, పంపింగ్ తగ్గినవారికి ఒక పోషకం కొరవడిందని తేలినప్పుడు తప్ప, విటమిన్లనూ ఇతర పోషకాల మాత్రలనూ సిఫారసు చేయలేదు.

కాబట్టి నా సలహా ఇది. విటమిన్ ఇ పెద్ద మోతాదు వద్దు. కలగలుపు మాత్రల అవసరం కనిపించడం లేదు. క్యూ10 మీద మీకు ఆశ ఉంటే మీ గుండె వైద్యునితో మాట్లాడి, ఆయనకు అభ్యంతరం లేకపోతే, ఇప్పుడు వాడుతున్న మందులు ఒక్కటీ ఆపకుండా వాడి చూడవచ్చు. కానీ నెలా రెండు నెలల్లో ఆయాసం పోతుందని ఆశించవద్దు. అంతకంటే ముందు, రెండేళ్లయినా స్నానం చేస్తేనే నీరసించే మనిషికి ఇంకా ఏం మిగిలి ఉందో వైద్యుని అడిగి తెలుసుకోండి. గుండె వైఫల్యానికి వాడే నాలుగు రకాల ప్రధాన మందులూ ఆయనకు ఇస్తున్నారా, వాటి మోతాదు ఆయన తట్టుకోగలిగినంత వరకూ పెంచారా, కాళ్లలో, ఊపిరితిత్తులలో నీరు మిగిలి ఉందా, గుండె లయ సరిగా ఉందా, థైరాయిడ్, ఐరన్ పరీక్షలు జరిగాయా, రాత్రి నిద్రలో ఊపిరి ఆగుతోందా, మనసు కుంగిపోయిందా, ఇవన్నీ అడగవలసిన ప్రశ్నలే. చాలామందిలో నీరసానికి కారణం వీటిలోనే దొరుకుతుంది, దొరికితే దానికి చికిత్స ఉంటుంది.

ప్రశ్న: నేను గుండె వైఫల్యానికి మందులతో పాటు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ కూడా వేసుకుంటున్నాను. స్టాటిన్ వల్ల శరీరంలో కో ఎంజైమ్ క్యూ10 తగ్గిపోతుందనీ, గుండె ఇంకా బలహీనపడుతుందనీ చదివి భయం పట్టుకుంది. స్టాటిన్ మానెయ్యనా?

జవాబు: మానవద్దు. మీరు చదివినదానిలో మొదటి సగం నిజం. శరీరంలో కొలెస్ట్రాల్, క్యూ10 రెండూ ఒకే రసాయన మార్గంలో తయారవుతాయి కనుక, ఆ మార్గాన్ని నెమ్మదింపజేసే స్టాటిన్ రక్తంలోని క్యూ10ను కూడా తగ్గిస్తుంది. రెండో సగం మాత్రం పరీక్షకు నిలవలేదు. గుండె వైఫల్యం ఉన్నవారికి రోసువాస్టాటిన్ అనే స్టాటిన్‌ను ఇచ్చి చూసిన కరోనా అనే అధ్యయనంలో (ఇది వైరస్ పేరు కాదు, అంతకు చాలా ముందు 2007లో వెలువడిన అధ్యయనం పేరు) వెయ్యిమందికి పైగా రోగుల క్యూ10 స్థాయిని కొలిచారు. స్టాటిన్ దానిని తగ్గించింది. కానీ మొదట్లో క్యూ10 బాగా తక్కువగా ఉన్నవారికి సైతం ఆ మందు వల్ల హాని జరిగినట్టు కనిపించలేదు. మీకు స్టాటిన్ రాసింది గుండె రక్తనాళాల జబ్బు కోసం అయితే, భయంతో దానిని ఆపడం వల్ల కలిగే నష్టమే పెద్దది. కండరాల నొప్పి ఉంటే అది వేరే సంగతి. అప్పుడు వైద్యుని కలిసి మోతాదునో, మందునో మార్చుకోవచ్చు.

ప్రశ్న: మా అమ్మ మూడు నెలలుగా యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు వేసుకుంటోంది. "ఒంట్లో బాగుంది, తేలిగ్గా ఉంది" అంటోంది. అధ్యయనాలు పనిచేయవని చెబుతున్నప్పుడు ఆమె మాటను ఎలా అర్థం చేసుకోవాలి? అసలు జీవన నాణ్యత అనేది కొలవగలిగినదేనా?

జవాబు: మీ అమ్మగారి మాటను కొట్టిపారేయకండి. ఆమె తేలికగా ఉన్నానని అంటే తేలికగానే ఉన్నారు. ఆ తేలికదనం ఆ మాత్రవల్లనే వచ్చిందా అన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు ఆమె ఒక్కరి అనుభవం నుంచి రాదు.

జీవన నాణ్యతను కొలవడానికి పద్ధతులు ఉన్నాయి. గుండె వైఫల్యం ఉన్నవారి కోసం తయారుచేసిన మిన్నెసోటా ప్రశ్నావళిలో 21 ప్రశ్నలు ఉంటాయి. గడిచిన నెలలో కాళ్ల వాపు, పగలు పడుకోవలసి రావడం, మెట్లెక్కడంలో ఇబ్బంది, కుటుంబానికి భారమయ్యానన్న బాధ, మందుల ఖర్చు, దిగులు, ఇలా ఒక్కొక్కటీ తాము కోరుకున్నట్టు బతకకుండా ఎంతగా అడ్డుపడిందో 0 నుంచి 5 వరకూ మార్కులు వేయమంటారు. మొత్తం 105; ఎక్కువ మార్కులు వస్తే బాధ ఎక్కువని. కాన్సాస్ సిటీ ప్రశ్నావళి దీనికి తిరగబడిన లెక్క: 0 నుంచి 100 వరకూ ఉంటుంది, ఎక్కువ వస్తే మేలు. ఏ ప్రశ్నావళిలోనైనా సుమారు 5 మార్కుల తేడా వస్తేనే దానిని మనిషికి తెలిసే మార్పుగా పరిగణిస్తారు. నిజానికి ఈ ప్రశ్నలు చదువుతుంటే, రోగిని ఎదురుగా కూర్చోబెట్టుకుని తీరిగ్గా మాట్లాడినట్టే ఉంటుంది. ప్రతి వైద్యుడూ ఏడాదికొకసారైనా వీటిని అడిగితే బాగుండునని నాకు అనిపిస్తుంది.

ఇటువంటి కొలత పెట్టినప్పుడు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారి మార్కులు కూడా తరచూ మెరుగుపడతాయి. అందులో మోసం లేదు. కొత్త మాత్ర మొదలుపెట్టేది సాధారణంగా బాగా నీరసంగా ఉన్న రోజుల్లో. ఆ రోజులు గడిచాక ఒళ్లు దానంతట అదే కొంత తేరుకుంటుంది. కొత్త మాత్రతో పాటు పాత మందులు కూడా వేళకు పడతాయి, ఇంట్లోవాళ్లు రోజూ ఎలా ఉందని అడుగుతారు, మనసుకు ధైర్యం వస్తుంది. ఇవన్నీ నిజమైన మేళ్లే. అందుకే ఒక మాత్ర పనిచేసిందని చెప్పాలంటే, ఇవన్నీ సమానంగా అందిన ఉత్తుత్తి మాత్ర వారికంటే అది మేలు చేసిందని చూపించాలి. అక్కడే యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు చాలావరకు నిలబడలేకపోయాయి.

ఇక మీరు చేయగలిగింది ఉంది. అమ్మగారు రోజూ ఉదయం లేవగానే తూచుకునే బరువు, ఆగకుండా ఎంత దూరం నడిచారు, రాత్రి ఎన్ని దిండ్లు వేసుకుంటే ఊపిరి సుఖంగా ఆడింది అన్నవి ఒక నోట్‌పుస్తకంలో రాయండి. నెల రోజులు రాసిన ఆ పుస్తకాన్ని వైద్యునికి చూపిస్తే, మాత్ర సంగతి ఎలా ఉన్నా, ఆమె చికిత్సను సరిదిద్దడానికి అది ఎంతో పనికివస్తుంది. రెండు మూడు రోజుల్లోనే బరువు రెండు కిలోలు పెరిగితే మాత్రం నెల ఆగవద్దు. నీరు చేరుతోందని అర్థం, వెంటనే వైద్యునికి చెప్పండి.

ప్రశ్న: ఇవన్నీ ప్రకృతి సిద్ధమైన పదార్థాలే కదా, వేసుకుంటే వచ్చే నష్టం ఏముంది?

జవాబు: ఇందాక చెప్పిన విటమిన్ ఇ కూడా ప్రకృతి సిద్ధమైనదే. ఫిన్లాండ్‌లో పొగతాగే 29 వేలమంది పురుషులలో కొందరికి, కూరగాయల్లో ఉండే బీటా కెరోటిన్ అనే యాంటీ ఆక్సిడెంట్ ఇచ్చి చూసిన అధ్యయనంలో, ఊపిరితిత్తుల కేన్సర్ తగ్గుతుందనుకుంటే అది వేసుకున్నవారిలో 18 శాతం పెరిగింది. ఆ ఫలితం 1994లో వెలువడింది. ఒక పదార్థం ఆహారంలో ఉండే మోతాదు వేరు, దానిని వేరుచేసి మాత్రలో కుక్కిన మోతాదు వేరు.

గుండె వైఫల్యం ఉన్నవారికి ప్రత్యేకమైన చిక్కులు కొన్ని ఉన్నాయి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవారిలో పెద్ద మోతాదు విటమిన్ ఇ రక్తస్రావం ముప్పును పెంచగలదు. కో ఎంజైమ్ క్యూ10 నిర్మాణంలో విటమిన్ కె ను పోలి ఉంటుంది కనుక వార్ఫరిన్ ప్రభావాన్ని తగ్గించగలదు. అందుచేత ఏది మొదలుపెట్టినా, ఆపినా రక్తం గడ్డకట్టే తీరును చూపే ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకోవాలి. నీళ్లలో వేస్తే బుసబుస పొంగే విటమిన్ సి మాత్రలు చాలామందికి హానిలేనివిగా కనిపిస్తాయి. ఆ పొంగు కోసం కలిపే సోడియం లవణాల వల్ల ఒక్కో మాత్రలో కొన్ని వందల మిల్లీగ్రాముల సోడియం ఉండవచ్చు. ఉప్పు తగ్గించుకోవడానికి భోజనంలో ఇంత కష్టపడేవారు, ఆ ఉప్పునే మాత్ర రూపంలో తాగుతున్నామని గమనించరు. ఒంట్లో పొటాషియంను పెంచే స్పైరోనోలాక్టోన్ వంటి మందులు వాడుతున్నవారు పొటాషియం కలిసిన మాత్రలకూ దూరంగా ఉండాలి. ఏ మాత్ర అయినా డబ్బా తీసుకువెళ్లి వైద్యునికి చూపించండి, పేరు చెబితే చాలదు.

ప్రశ్న: సెలీనియం తక్కువైతే గుండె పాడవుతుందని విన్నాను. మరి నేను నీటి మాత్రలు (ఒంట్లో చేరిన నీటిని మూత్రం ద్వారా పంపేవి) వాడుతున్నాను, వాటివల్ల విటమిన్లు కూడా పోతాయంటారు. ఏవి పరీక్ష చేయించుకోవాలి?

జవాబు: మీరు విన్నది నిజమే. నేలలో సెలీనియం చాలా తక్కువగా ఉన్న చైనా ప్రాంతాలలో కేషాన్ వ్యాధి అనే గుండె కండరపు జబ్బు ఉండేది. సెలీనియం ఇవ్వడం వల్ల అది బాగా తగ్గింది. యూరప్‌లో గుండె వైఫల్యం ఉన్న రెండున్నర వేలమంది రక్తాన్ని పరిశీలించి 2020లో వెలువరించిన అధ్యయనంలో సుమారు 20 శాతం మందికి సెలీనియం తక్కువగా ఉంది. వారి జీవన నాణ్యత, నడక శక్తి కూడా తక్కువగానే ఉన్నాయి. అయితే సెలీనియం తక్కువ కావడం వల్ల వారు నీరసించారా, నీరసించి సరిగా తినలేక సెలీనియం తగ్గిందా అన్నది ఇటువంటి పరిశీలన చెప్పదు. లోపం ఉందని తేలితే సరిదిద్దుకోవడం మంచిది. లోపం లేకుండా ఎక్కువ కాలం ఎక్కువ మోతాదులో తీసుకుంటే జుట్టు రాలుతుంది, గోళ్లు పెళుసుబారతాయి.

నీటి మాత్రల వల్ల మూత్రంలో థయమిన్, అంటే విటమిన్ బి1, ఎక్కువగా పోతుంది. చాలాకాలంగా పెద్ద మోతాదులో వాడుతూ, తిండి కూడా తగ్గిపోయినవారిలో దాని లోపం వచ్చే అవకాశం ఉంది కనుక ఆ సంగతి వైద్యునికి గుర్తుచేయండి. పొటాషియం, మెగ్నీషియం ఎలాగూ చూస్తూ ఉంటారు.

ప్రశ్న: నాకు గుండె వైఫల్యం ఉంది. హిమోగ్లోబిన్ మామూలుగానే ఉన్నా ఐరన్ తక్కువగా ఉందని చెప్పి, నరం ద్వారా ఐరన్ ఎక్కించాలంటున్నారు. ఐరన్ ఆక్సీకరణను పెంచుతుందని, గుండెకు మంచిది కాదని చదివాను. మాత్రలు వేసుకుంటే సరిపోదా?

జవాబు: ఐరన్ అధికంగా పేరుకుపోతే ఆక్సీకరణ పెరిగే మాట నిజం. కానీ మీకు ఉన్నది లోపం. ఐరన్ పని హిమోగ్లోబిన్‌తోనే అయిపోదు. మైటోకాండ్రియాలలో శక్తి తయారుచేసే ఎంజైములలో కూడా అది భాగం. అందుకే రక్తహీనత లేకపోయినా ఐరన్ లోపం ఉన్నవారు నీరసిస్తారు. గుండె వైఫల్యం ఉన్నవారిలో దాదాపు సగంమందికి ఈ లోపం ఉంటుంది. ఒంట్లోని ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్ 100 కంటే తక్కువ ఉన్నా, 100 నుంచి 299 మధ్య ఉండి ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ (రక్తంలో ఐరన్‌ను మోసే ప్రోటీన్ ఎంత నిండిందన్న కొలత) 20 శాతం కంటే తక్కువ ఉన్నా లోపం ఉన్నట్టు ఇంతవరకూ జరిగిన ప్రధాన అధ్యయనాలలో చాలావాటిలో లెక్కించారు.

ఈ లోపం ఉన్న 459 మందితో జరిగి 2009లో వెలువడిన ఫెయిర్ హెచ్ఎఫ్ అధ్యయనంలో, నరం ద్వారా ఐరన్ ఎక్కించినవారిలో 50 శాతం మంది 24 వారాల తరువాత తమకు బాగా మెరుగైందని గానీ ఒక మోస్తరుగా మెరుగైందని గానీ చెప్పారు. ఉత్తుత్తి ఇంజెక్షన్ పొందినవారిలో అలా చెప్పింది 28 శాతం మందే. నడక దూరం, జీవన నాణ్యత మార్కులు కూడా మెరుగయ్యాయి. ఆక్సీకరణను అణచే మాత్రలు ఇవ్వలేని సత్తువను, ఆక్సీకరణకు తోడ్పడుతుందని పేరుబడ్డ లోహం ఇచ్చిందంటే, సరైన మనిషిని ఎంచుకుని, ఉన్న లోపాన్ని పూడ్చడం వల్లనే అది సాధ్యమైంది.

మాత్రలు ఎందుకు చాలవంటే, గుండె వైఫల్యంలో శరీరంలోని వాపు ప్రక్రియ వల్ల హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి పేగుల నుంచి ఐరన్ లోపలికి రాకుండా అడ్డుపడవచ్చు. పంపింగ్ తగ్గిన 225 మందికి 16 వారాలు పెద్ద మోతాదు ఐరన్ మాత్రలు ఇచ్చి చూసిన ఐరనౌట్ అధ్యయనంలో, శ్రమ చేసే శక్తి పెరగలేదు, జీవన నాణ్యత మారలేదు. మీ వైద్యులు చెప్పిన పద్ధతే సరైనది. ఎక్కించిన తరువాత కొద్దిసేపు ఆసుపత్రిలోనే ఉండమంటారు, ఎలర్జీ రావచ్చేమోనని. ఇంతకుముందు ఏ ఇంజెక్షన్‌కైనా దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే ముందే చెప్పండి.

ప్రశ్న: మాత్రలు కాకుండా, జీవన నాణ్యతను పెంచేది ఇంకేమైనా ఉందా? నా వయసు 61, నడవాలంటేనే భయంగా ఉంది.

జవాబు: ఉంది, అది మీరు భయపడుతున్న నడకే. 2331 మందితో జరిగి 2009లో వెలువడిన హెచ్ఎఫ్ యాక్షన్ అధ్యయనంలో, పర్యవేక్షణలో మొదలుపెట్టి ఇంటి దగ్గర కొనసాగించిన వ్యాయామం సురక్షితమని తేలింది. మూడు నెలలకు కాన్సాస్ సిటీ ప్రశ్నావళిలో వ్యాయామం చేసినవారి మార్కులు సగటున 5 పెరిగితే, మిగిలినవారివి 3 పెరిగాయి. తేడా పెద్దదని చెప్పను. అయినా అది మూడు నెలల తరువాత కూడా నిలిచి ఉంది, పైగా చాలామంది చెప్పినంత వ్యాయామం చేయకపోయినా వచ్చిన ఫలితం అది. నడక వల్ల కాళ్ల కండరాలలోని మైటోకాండ్రియాలు పెరుగుతాయి, కణంలోని సొంత యాంటీ ఆక్సిడెంట్ ఎంజైములు కూడా బలపడతాయి. బయటి నుంచి మాత్రతో ఇవ్వబోయి ఇవ్వలేకపోయినదాన్ని శరీరం ఇలా తానే సమకూర్చుకుంటుంది.

ముందు మీ వైద్యుని అడిగి, గుండె రోగుల పునరావాస కేంద్రం అందుబాటులో ఉంటే అక్కడ మొదలుపెట్టండి. లేకపోతే చదునైన చోట, పక్కన ఒకరు తోడుండగా, 5 నిమిషాలతో ప్రారంభించండి. నడుస్తూ ఒక పూర్తి వాక్యం ఆగకుండా మాట్లాడగలిగితే ఆ వేగం మీకు సరిపోయినట్టే. రోజు విడిచి రోజు ఒక నిమిషం పెంచుకుంటూ వెళ్లండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, మామూలు కంటే ఎక్కువ ఆయాసం, కాళ్లలో కొత్తగా వాపు ఉన్న రోజున నడక ఆపి వైద్యునికి ఫోన్ చేయండి.